ఎముకకు అంటు కట్టిన రైతుబిడ్డ - డాక్టర్ ఫ్రెడ్ ఆల్బీ

అంటు మామిడి మొక్క ఎలా తయారవుతుందో మన హాస్టల్లో చాలామందికి పుస్తకం చదవకుండానే తెలుసు. టెంక నుంచి మొలిచిన నాటు మొక్కను తీసుకుంటారు. మంచి కాపు కాసే చెట్టు నుంచి ఒక రెమ్మ తెస్తారు. రెండింటినీ ఏటవాలుగా కోసి, కోత మీద కోత పెట్టి, గాలి చొరకుండా గట్టిగా చుడతారు. బెరడు కింద ఉండే పచ్చటి పలుచని పొర ఈ మొక్కదీ ఆ రెమ్మదీ ఒకదానికొకటి తగిలితేనే అంటు పట్టుకుంటుంది. తగలకపోతే నాలుగు రోజుల్లో రెమ్మ ఎండిపోతుంది. నర్సరీల్లో, తోటల్లో కూలికి వెళ్ళే మన అమ్మానాన్నలకు ఇది చేతిలో ఉన్న విద్య. ఈ విద్యనే మనిషి ఎముకలోకి తీసుకెళ్లిన ఒక అమెరికా శస్త్ర వైద్యుని జీవితాన్ని ఈ వార్షికోత్సవ సంచికలో పరిచయం చేయదలిచాము. ఆయన పేరు ఫ్రెడ్ హూడ్లెట్ ఆల్బీ.

సావనీర్లలో దేశ నాయకుల జీవితాలు వస్తూనే ఉంటాయి. అవి రావలసినవే. కానీ ఇంట్లో సంపాదించే మనిషికి కాలు విరిగితే ఆ ఇల్లు ఏమవుతుందో, ఆ ఇంటి పిల్లల చదువు ఏ తరగతి దగ్గర ఆగిపోతుందో మన హాస్టళ్లలో చదివిన వాళ్లకు ఎవరూ చెప్పనవసరం లేదు. తాటిచెట్టు మీది నుంచి పడినా, ట్రాక్టరు తిరగబడినా, క్వారీలో రాయి దొర్లినా విరిగేది ఒక్కరి ఎముకే, ఆగిపోయేది మాత్రం ఇంటిల్లిపాది బతుకు. ఆ విరిగిన మనిషిని మళ్ళీ పనిలో నిలబెట్టడమే వైద్యం అని నమ్మిన డాక్టరు కనుక ఆల్బీని ఎంచుకున్నాము.

ఆల్బీ 1876 ఏప్రిల్ 13న అమెరికా ఈశాన్య మూలన ఉన్న మెయిన్ రాష్ట్రంలో, ఆల్నా అనే పల్లెటూరిలో జన్మించారు. వ్యవసాయ కుటుంబం. మెయిన్ చలి ప్రదేశం. అక్కడ మామిడి ఉండదు, ఆపిల్ ఉంటుంది. ఆపిల్ చెట్లకు అంటు కట్టడంలో ఆయన తాతగారు మంచి నేర్పరి. ఆ పని చూస్తూ, చేస్తూ పెరిగిన మనవడికి రెండు సంగతులు చిన్నప్పుడే ఒంటబట్టాయి. ఒకటి, కోసిన రెమ్మకు కూడా ప్రాణం ఉంటుంది. రెండు, పొరకు పొర సరిగ్గా కలిస్తేనే ఆ ప్రాణం నిలుస్తుంది. తన వైద్యానికి మూలం తాత దగ్గర నేర్చిన అంటు విద్యేనని ఆయన తరువాత ఎన్నడూ దాచుకోలేదు.

ఆయన బౌడిన్ కళాశాలలో చదివి 1899లో పట్టభద్రులయ్యారు. ఆ కాలేజీ రోజుల్లోనే, 1895లో, జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్ రే కిరణాలను కనుగొన్నారు. బతికున్న మనిషి ఎముకను కోయకుండా చూడగలిగే కాలం అప్పుడే మొదలైంది. ఆల్బీ 1903లో హార్వర్డ్ వైద్య కళాశాల నుంచి డాక్టరు పట్టా తీసుకున్నారు. బోస్టన్‌లో కొంతకాలం శిక్షణ పొంది, తరువాత న్యూయార్క్ చేరి ఎముకల వైద్యంలో స్థిరపడ్డారు. 1907లో లుయెల్లా బెర్రీని వివాహం చేసుకున్నారు. భర్త పోయాక ఆమె ఆయనతో గడిపిన జీవితం గురించి ఒక పుస్తకం రాశారు.

ఇక అసలు విషయానికి వస్తాము. విరిగిన ఎముక మామూలుగా దానంతట అదే అతుక్కుంటుంది. డాక్టరు వేసే సిమెంటు పట్టీ అయినా, మన పుత్తూరు కట్టు అయినా చేసేది ఎముకను కదలకుండా పట్టి ఉంచడమే. అతికించేది మన ఒళ్ళే. కానీ కొన్నిసార్లు ఒంటి వల్ల కాదు. చీము పట్టి ఎముక ముక్క పోయినప్పుడు, తూటా తగిలి రెండంగుళాల ఖాళీ ఏర్పడినప్పుడు, విరిగిన చోటికి రక్తం సరిగ్గా అందనప్పుడు ఎన్ని నెలలు కట్టు ఉంచినా లాభం ఉండదు. అక్కడ మరో ఎముక ముక్క తెచ్చి పెట్టాలి. ఎక్కడి నుంచి తేవాలి?

మనుషులు ఈ ప్రశ్నకు చాలా కాలంగా జవాబు వెతికారు. రష్యాలో గాయపడిన ఒక సైనికుడి పుర్రెకు కుక్క ఎముక ముక్క పెట్టి బాగుచేశారని 1668లో వెలువడిన పుస్తకంలో డచ్ వైద్యుడు యోబ్ వాన్ మేకెరెన్ రాశారు. పశువు ఎముక పెట్టించుకున్నందుకు చర్చి అతన్ని వెలివేసిందట. పాపం అతను దాన్ని తీసేయమని వస్తే, అప్పటికే అది పుర్రెతో కలిసిపోయి ఊడి రాలేదట. కథలో నిజమెంతో గానీ, ఎముక మార్పిడి చరిత్ర రాసేవారంతా ఇక్కడి నుంచే మొదలుపెడతారు. వెలి అనే మాట అక్కడ కూడా తగిలేసరికి మాకు ఆశ్చర్యమేసింది. 1880 ప్రాంతంలో స్కాట్లండులోని గ్లాస్గోలో విలియం మెక్ఈవెన్ అనే వైద్యుడు, చీము పట్టి చేతి ఎముక పోగొట్టుకున్న ఒక బాలుడికి ఇతర పిల్లల వంకర కాళ్లను సరిచేసేటప్పుడు తీసిన ఎముక ముక్కలు పెట్టి చెయ్యి నిలిపారు. అది గొప్ప విజయమే. కాకపోతే అవి వేరే వారి ఎముకలు. రోగి ఎముకనే తీసి అతనికే పెట్టే ప్రయత్నాలు కూడా పందొమ్మిదో శతాబ్దంలో అక్కడక్కడా జరిగాయి. ఆల్బీ మొట్టమొదటివారు కారు. దాన్ని ఒక కొలత, ఒక పద్ధతి, ఒక పనిముట్టు ఉన్న విద్యగా మార్చినవారు ఆయన.

రోగి సొంత ఎముకే ఎందుకు మేలు? టెన్త్ చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు అర్థమయ్యేలా చెబుతాము. ఒంటికి పరాయిది అనుకుంటే ఏ కణజాలాన్నయినా తోసేసే గుణం ఉంది. సొంత ఎముకను అది తోసేయదు. పైగా ఆ ముక్కలో బతికున్న కణాలు కొన్ని ఉంటాయి. అవి కొత్త ఎముకను పుట్టిస్తాయి. ఎముకలోని ప్రోటీన్లు చుట్టుపక్కల కణాలను పిలిచి ఎముక కణాలుగా మారమంటాయి. మిగిలిన గట్టి భాగం పందిరిలా నిలబడితే దాని మీదుగా కొత్త రక్తనాళాలు పాకుతాయి. నెలలు గడిచే కొద్దీ పెట్టిన ముక్క కొంచెం కొంచెంగా కరిగిపోతూ, ఆ స్థానంలో కొత్త ఎముక వస్తుంది. చివరికి పాతదేదో కొత్తదేదో తెలియకుండా పోతుంది. ఇంకో విశేషం, బరువు మోసే ఎముక లావెక్కుతుంది, మోయనిది చిక్కిపోతుంది. జర్మనీకి చెందిన యూలియస్ వోల్ఫ్ 1892లో దీన్ని ఒక సూత్రంగా ప్రకటించారు. పెట్టిన ముక్క కూడా పని పడేకొద్దీ బలపడుతుందని ఆల్బీ ధైర్యం ఈ సూత్రం మీదే నిలబడింది.

ఆయనకు పేరు తెచ్చినది వెన్నెముక ఆపరేషన్. ఆ రోజుల్లో క్షయకు మందు లేదు. క్షయ ఊపిరితిత్తులకే కాదు, వెన్నుపూసలకూ పడుతుంది. పూసలు తినేసినట్టయి ముందుకు కుంగిపోతాయి, వీపు గూని తేలుతుంది, ఒక్కోసారి కాళ్ళు పడిపోతాయి. దీన్ని 18వ శతాబ్దంలో వర్ణించిన ఇంగ్లీషు వైద్యుని పేరు మీద పాట్స్ వ్యాధి అంటారు. ఎక్కువగా పిల్లలకు వచ్చేది. వెన్ను కదలకుండా ఉంటే మానుతుందని పిల్లలను ప్లాస్టరులోనో, ఇనుప చట్రాలకు కట్టిపెట్టో నెలలు, ఏళ్ళు పడుకోబెట్టేవారు. ఆడుకునే వయసంతా మంచం మీదే గడిచిపోయేది.

బయట కట్టే చట్రాన్ని లోపలే, అదీ ప్రాణమున్న ఎముకతోనే ఎందుకు కట్టకూడదని ఆల్బీ ఆలోచించారు. వీపు మధ్యలో వేలితో తడిమితే వరుసగా తగిలే గుబ్బలు ఉంటాయి కదా, అవి వెన్నుపూసల వెనుక కొనలు. జబ్బు పడిన పూసలవీ, వాటికి పైన కింద ఉన్న మంచి పూసలవీ కొనలను ఆయన నిలువునా మధ్యకు చీల్చి ఒక గాడిలా చేసేవారు. మోకాలి కింద ముందువైపు చేతికి తగిలే పెద్ద ఎముక నుంచి, డాక్టర్లు టిబియా అనే దాని నుంచి, ఒక పొడవైన బద్ద కోసి ఆ గాడిలో పెట్టేవారు. కంగారూ జంతువు తోక స్నాయువుతో చేసిన దారంతో కట్టి కుట్టేవారు. ఆ దారం లోపలే కొంతకాలం ఉండి కరిగిపోతుంది. బద్ద పూసలతో కలిసిపోయి అంతా ఒకే కడ్డీ అవుతుంది. జబ్బు పడిన పూసకు కదలిక ఆగుతుంది. 1911 సెప్టెంబరులో ఈ పద్ధతిని ఆయన అమెరికా వైద్య సంఘం పత్రికలో ప్రకటించారు. దానికి ముందే, 1906లో, అరిగిపోయిన తుంటి కీలును కదలకుండా అతికించే ఆపరేషన్ ఆయన చేసి ఉన్నారు.

ఇక్కడ ఒక న్యాయం చెప్పాలి. అదే న్యూయార్క్ నగరంలో, అదే 1911లో, రస్సెల్ హిబ్స్ అనే మరో వైద్యుడు కూడా వెన్నుపూసలను అతికించారు. హిబ్స్ కాలు ముట్టుకోలేదు. అక్కడి పూసల కొనలనే విరిచి ఒకదాని మీద ఒకటి వంతెనలా పరిచారు. ఎవరు ముందు అనే వాదం చాలా రోజులు నడిచింది. మా అభిప్రాయంలో ఇద్దరూ విడివిడిగా ఒకే గమ్యానికి చేరారు. వెన్ను వరకు చూస్తే హిబ్స్ దారే ఎక్కువ కాలం నిలిచింది. ఆల్బీ ప్రత్యేకత వెన్నుతో ఆగకపోవడంలో ఉంది. చెయ్యి, తొడ, కాలు, తుంటి, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి ఆయన ఆ విద్యను తీసుకెళ్లారు.

అతకని కాలి ఎముక విషయంలో ఆయన చేసినది చూడండి. విరిగిన చోటికి అటూ ఇటూ ఒకే వెడల్పున గాడి తీస్తారు. ఒకవైపు నుంచి పొడవు బద్ద, రెండోవైపు నుంచి పొట్టి బద్ద వస్తాయి. పొడవు దాన్ని విరుగు మీదుగా జరిపి రెండువైపులా సమానంగా అమర్చుతారు. ఖాళీ అయిన చోట పొట్టిది పెడతారు. ఎముక పైపొరకు పైపొర, గట్టి భాగానికి గట్టి భాగం, లోపలి మూలుగకు మూలుగ తగులుతాయి. ఆపిల్ చెట్టు దగ్గర తాత నేర్పిన పాఠం ఇదే కదా. పలకలో గాడి తీసి మరో చెక్క బిగించే వడ్రంగికి కూడా ఇందులో తెలియనిది ఏమీ లేదు.

కానీ ఉలి, సుత్తితో ఎముకను అంత కచ్చితంగా కోయడం సాధ్యం కాదు. దెబ్బకు ఎముక చీలుతుంది, వదులుగా కూర్చుంటుంది, వదులైతే అంటు పట్టదు. అందుకని ఆల్బీ కరెంటు మోటారుతో నడిచే ఒక రంపపు యంత్రం తయారుచేశారు. దానికి పక్కపక్కనే రెండు గుండ్రటి బ్లేళ్లు. వాటి మధ్య దూరాన్ని కావలసినట్టు మార్చుకోవచ్చు. గాడి ఎంత వెడల్పో బద్ద కూడా సరిగ్గా అంతే వస్తుంది. అదే మోటారుకు వేరే కొనలు తగిలిస్తే ఎముకకు రంధ్రం చేస్తుంది, ఎముక ముక్కను గుండ్రంగా చెక్కి మేకుగా మారుస్తుంది. రోగి ఒంటి నుంచి తీసిన ఎముకతోనే మేకు చేసి, అతని విరిగిన తుంటికే దిగగొట్టడం ఆ రోజుల్లో చూసినవారికి ఎంత వింతగా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. అప్పటికే ఇంగ్లండులో ఉక్కు ప్లేట్లు, స్క్రూలు వాడేవారున్నారు. అప్పటి లోహం ఒంట్లో తుప్పు పట్టేది, చీము వచ్చేది. బతికున్న ఎముక ఉండగా చచ్చిన ఇనుము ఎందుకని ఆల్బీ వాదం. లోహాలు బాగుపడిన తరువాత ఆ వాదంలో సగమే మిగిలింది. ఇప్పుడు చాలా ఆపరేషన్లలో పట్టి ఉంచడానికి ప్లేటు, బతికించడానికి ఎముక, రెండూ వాడుతున్నారు.

తన అనుభవమంతా 1915లో ఎముక మార్పిడి శస్త్రచికిత్స అనే పెద్ద పుస్తకంగా తెచ్చారు. అప్పటికి యూరప్‌లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలై ఏడాది. కందకాల్లో పేలిన ఫిరంగి గుండ్లు సైనికుల ఎముకలను విరగ్గొట్టడం కాదు, ముక్కలు ముక్కలుగా ఎగరగొట్టేశాయి. అంతకు ముందైతే అలాంటి కాలును, చెయ్యిని తీసేయడమే మార్గం. ఆల్బీ ఫ్రాన్స్ వెళ్లి అక్కడి ఆసుపత్రుల్లో పనిచేశారు. చీము ఉన్న గాయంలో అంటు బతకదు. కనుక గాయం పూర్తిగా మానేదాకా నెలల తరబడి ఓపిక పట్టి, ఆ తరువాత ఎముక పెట్టాలి. యాంటీబయోటిక్స్ లేని కాలంలో ఓపికే మందు.

అమెరికా కూడా యుద్ధంలోకి దిగాక, 1918లో న్యూజెర్సీ రాష్ట్రంలోని కొలోనియాలో సైన్యం ఒక పెద్ద ఆసుపత్రి తెరిచింది. దాని శస్త్రచికిత్సలకు ఆల్బీ పెద్ద. మాకు ఆయన జీవితంలో అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే. అక్కడ ఆపరేషన్ అయిపోగానే రోగి పని అయిపోయినట్టు కాదు. కుట్లు మానుతుండగానే చేతికి పని ఇచ్చేవారు. ఆసుపత్రిలోనే వర్క్‌షాపులు, చేతిపనులు నేర్పే తరగతులు ఉండేవి. కాళ్ళూ చేతులూ మళ్ళీ వంచడం, పట్టుకోవడం నేర్పడానికి ప్రత్యేకంగా శిక్షణ పొందిన మహిళలు ఉండేవారు. ఈనాటి ఫిజియోథెరపీకి అమెరికాలో వారే తొలితరం.

యుద్ధం ముగిసింది, ఆసుపత్రి మూతపడింది. కానీ ఫ్యాక్టరీల్లో యుద్ధం ముగియదు కదా. యంత్రంలో చెయ్యి నలిగిన కూలీకీ తూటా తగిలిన సైనికుడికీ ఎముక దగ్గర తేడా లేదు. తేడా ఉన్నది తరువాత చూసేవారి దగ్గరే. సైనికుడికి ప్రభుత్వం ఉంది, కూలీకి ఎవరున్నారు? 1919లో న్యూజెర్సీ రాష్ట్రం పనిలో గాయపడినవారి కోసం ఒక పునరావాస సంఘాన్ని చట్టం ద్వారా ఏర్పాటు చేసింది. ఆల్బీ దానికి అధ్యక్షులై రెండు దశాబ్దాలకు పైగా నడిపారు. ఆపరేషన్, కసరత్తు, కొత్త పనిలో శిక్షణ, ఉద్యోగం వెతకడం, ఇవన్నీ ఒకే గొలుసుగా ఉండాలన్నది అక్కడి పద్ధతి. మరుసటి ఏడాది, 1920లో, సైనికులు కాని వికలాంగుల పునరావాసానికి అమెరికా దేశమంతటికీ ఒక చట్టం వచ్చింది. మన దేశంలో పనిలో గాయపడిన కార్మికులకు పరిహారం ఇచ్చే చట్టం 1923లో వచ్చింది. పరిహారం వేరు, తిరిగి పనిలో నిలబెట్టడం వేరు. డబ్బు ఖర్చయిపోతుంది. ఆ మనిషి ఇంటి అరుగు మీదే ఉంటాడు. అది కూడా చేతికి అందితే సంగతి. ఊళ్ళల్లో పొలం కూలీలకు అందినవి మేము చూసినంతలో తక్కువ.

ఆల్బీకి వైద్యంతో పాటు భూముల మీద కూడా మోజు ఉండేది. ఫ్లోరిడాలో చాలా భూమి కొని, జాన్ నోలెన్ అనే ప్రసిద్ధ నగర నిర్మాతతో వెనిస్ అనే పట్టణానికి ప్లాను వేయించారు. 1925లో దాన్ని రైలు ఇంజన్ డ్రైవర్ల సంఘానికి అమ్మారు. తరువాత భూముల ధరలు కూలి ఆ సంఘం దెబ్బతింది. 1933లో ఆల్బీ ఆ ఊరి హోటల్ ఒకదానిలోనే ఆసుపత్రి తెరిచారు. ఈ భాగం ఆయన జీవితంలో రంగుల భాగమే గానీ, మనకు అంత పనికొచ్చేది కాదు. 1943లో ఆయన ఆత్మకథ వచ్చింది. మనుషులను తిరిగి నిర్మించడానికి ఒక శస్త్ర వైద్యుడు చేసిన పోరాటం అని దాని పేరుకు అర్థం. పేరులో కొంచెం గొప్ప కనిపిస్తుంది, కానీ అబద్ధం లేదు.

ఆల్బీ 1945 ఫిబ్రవరి 15న న్యూయార్క్‌లో మరణించారు. అప్పటికి ఏడాదికి పైగా ముందే స్ట్రెప్టోమైసిన్ అనే క్షయ మందు ప్రయోగశాలలో బయటపడింది. ఆయన పేరు తెచ్చిన ఆపరేషన్ అవసరాన్ని ఆ మందూ, దాని తరువాతి మందులూ చాలావరకు తగ్గించేశాయి. 1970లలో మొదలుపెట్టి మద్రాసులోని క్షయ పరిశోధన కేంద్రం చేసిన అధ్యయనాల్లో, వెన్ను క్షయ వచ్చిన వారిలో ఎక్కువమందికి ఆపరేషన్ లేకుండా, మంచం మీద పడుకోబెట్టకుండా, కొన్ని నెలల మాత్రలతోనే నయమవుతుందని రుజువైంది. నరాలు నొక్కుకుపోయినా, గూని బాగా పెరుగుతున్నా ఇప్పటికీ ఆపరేషన్ చేస్తారు. ఆ మాత్రలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. నెలల తరబడి తగ్గని వెన్నునొప్పి, దానితో పాటు సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే అది బరువులు మోసిన నొప్పే అనుకుని ఊరుకోకూడదు.

వెన్ను ఆపరేషన్ అలా వెనక్కు వెళ్లినా, సొంత ఎముకతో అంటు కట్టడం మాత్రం వెనక్కు వెళ్లలేదు. ఎముక బ్యాంకులు వచ్చాయి, కాల్షియంతో చేసిన కృత్రిమ పదార్థాలు వచ్చాయి. అయినా కొత్తది ఏది వచ్చినా రోగి సొంత ఎముకతోనే పోల్చి చూస్తారు. ఇప్పుడు ఎక్కువగా తీసేది టిబియా నుంచి కాదు, నడుముకు పక్కన చేతులు ఆనించుకునే చోట ఉండే తుంటి ఎముక అంచు నుంచి. అక్కడ మెత్తటి ఎముక, మూలుగ ఎక్కువ. దీనికీ ఇబ్బందులున్నాయి. రెండో కోత పడుతుంది, తీసిన చోట కొందరికి చాలా రోజులు నొప్పి ఉంటుంది, తీయగలిగే ఎముకకు కూడా ఒక హద్దు ఉంది. బీడీ, సిగరెట్ తాగేవారికి అంటు ఆలస్యంగా పడుతుంది, ఒక్కోసారి పడదు.

ఆల్బీ బద్దకు ఒక లోపం ఉండేది. కోసిన ముక్కకు సొంత రక్తనాళం ఉండదు, చుట్టుపక్కల నుంచి రక్తం వచ్చేదాకా అది ఎదురుచూడాలి. ఖాళీ చాలా పెద్దదైతే ఆ ఎదురుచూపు ఫలించదు. 1975లో ఆస్ట్రేలియాలో ఇయాన్ టేలర్ ఆ లోపాన్ని దాటారు. కాలి పక్కన ఉండే సన్న ఎముకను దాని రక్తనాళాలతో సహా తీసి, సూక్ష్మదర్శిని కింద కొత్త చోటి నాళాలకు కలిపి కుట్టారు. ఈ రోజు మన రాష్ట్రాల పెద్ద ఆసుపత్రుల్లో కూడా, గుట్కా, ఖైనీ వల్ల నోటి క్యాన్సర్ వచ్చి దవడ తీసేయవలసి వచ్చిన వారికి ఆ కాలి ఎముకనే దవడ వంపుకు తగ్గట్టు రెండు మూడు చోట్ల కోసి వంచి అమరుస్తున్నారు. నడిచేటప్పుడు ఒంటి బరువులో చాలా భాగం మోసేది పక్కనున్న పెద్ద ఎముకే కనుక, కొన్ని వారాల్లో ఆ మనిషి మళ్ళీ నడుస్తాడు.